బరువు తగ్గే ఇంజెక్షన్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే ఎవరిని నమ్మాలి?

పార్వతీపురం_పద్మ

వయసు నలభై మూడు. బీఎంఐ (ఎత్తుకు బరువెంతో చూసే లెక్క) 34. బీపీ మాత్ర రోజూ వేసుకుంటాను. స్కూల్లో పై అంతస్తు క్లాసుకు వెళ్లాలంటే మెట్ల రెయిలింగ్ పట్టుకుని మధ్యలో ఒకసారి ఆగాల్సి వస్తోంది. మా ఊళ్లో ఫిజీషియన్ గారు "వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్ మీకు పనికొస్తుంది, కానీ నేను మొదలుపెట్టను, ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల స్పెషలిస్టును కలవండి" అన్నారు. అంటే విశాఖపట్నం. ఒకసారైతే వెళ్తాను, నెలనెలా సెలవు పెట్టి వెళ్లడం కుదరదు.

ఆన్‌లైన్‌లో చూస్తే మూడు రకాలు కనిపించాయి. ఒకటి: ఎత్తు, బరువు, వయసు నింపగానే, డాక్టరుతో మాట్లాడకముందే డబ్బు కట్టమని లింకు వచ్చింది. ఈ రాత్రి పన్నెండులోపు కడితే 40 శాతం తగ్గింపట. రెండోది: ముందు రక్త పరీక్షలు చేయించండి, రిపోర్టులు చూశాకే డాక్టర్ వీడియో కాల్ అన్నారు. ఖర్చు ఎక్కువ. మూడోది: వాట్సాప్ నంబరు మాత్రమే. ఇంపోర్టెడ్ ఇంజెక్షన్ పెన్ను, డాక్టర్ చీటీ అక్కర్లేదు, సగం ధర.

మూడోది సరే, వదిలేశాను. మొదటి రెండింట్లో ఎవరు నిజమైనవాళ్లో ఏం చూసి తెలుసుకోవాలి? వాడినవాళ్లు, మందుల షాపు వాళ్లు, డాక్టర్లు ఉంటే చెప్పండి. నడవండి, రాత్రిపూట అన్నం మానేయండి అనే సలహాలు మాత్రం దయచేసి వద్దు. అవన్నీ అయ్యాయి.

జొన్నరొట్టె

రాత్రి పన్నెండులోపు కట్టాలా! అది మందా, పండగ సేల్‌లో చీరా? మొదటిది కూడా వదిలేయండక్కా.

సైకిల్_శీను

వద్దన్నా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మా ఆఫీసులో ముగ్గురు ఈ ఇంజెక్షన్ వాడారు. ఆపేశాక ఇద్దరికి బరువు తిరిగొచ్చేసింది. ఇంత ఖర్చు పెట్టి జీవితాంతం సూది పొడుచుకోవడం కన్నా పొద్దున్నే గంటసేపు సైకిల్ తొక్కడం మేలు.

తెనాలి_తులసి

శీను గారూ, రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కే మనిషికి సైకిల్ గురించి చెబుతున్నారు. అడిగింది ఎవరిని నమ్మాలని. వాడాలా వద్దా అని కాదు.

మందులచీటి_వరంగల్

నాకు హన్మకొండలో మెడికల్ షాపు ఉంది, ఫార్మసిస్టును. మా వ్యాపారానికి ఆన్‌లైన్ పోటీ కాబట్టి వాళ్లను తిడతానని అనుకోకండి. చూడాల్సినవి చెబుతాను.

ముందుగా అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. మన దేశంలో ఆన్‌లైన్ ఫార్మసీకని విడిగా లైసెన్సు లేదు. 2018 ఆగస్టులో కేంద్రం ముసాయిదా నిబంధనలు తెచ్చింది, అవి ఇంకా తుది రూపానికి రాలేదు. కాబట్టి ఎవరైనా "ప్రభుత్వ ఆమోదం పొందిన ఆన్‌లైన్ ఫార్మసీ" అని రాసుకుంటే ఆ ఆమోదం ఏమిటో అడగండి. నిజంగా ఉండాల్సింది మా షాపుకు ఉండే లైసెన్సే. ఫారం 20, ఫారం 21. ఆ నంబర్లు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ ఇస్తుంది. యాప్ ఎవరిదైనా, మీ ఇంటికి వచ్చే మందు ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక లైసెన్సు ఉన్న షాపు నుంచే కదలాలి. అందుకని డబ్బు కట్టకముందే ఒక్క మాట అడగండి: "నాకు మందు పంపే ఫార్మసీ పేరు, చిరునామా, డ్రగ్ లైసెన్స్ నంబరు ఏమిటి?" నిజమైనవాళ్లు వెంటనే చెబుతారు, ఎందుకంటే బిల్లు మీద ఎలాగూ అచ్చేయాలి. "మా పార్టనర్ నెట్‌వర్క్ ద్వారా వస్తుంది మేడమ్" అని తిప్పితే అక్కడే ఆగండి.

ఇక సరుకు. ఈ పెన్నులు, వయల్స్ (మందు సీసాలు) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో మా దగ్గర ఎండ మీకు తెలుసు. పార్సిల్ థర్మోకోల్ డబ్బాలో, జెల్ ప్యాకులతో రావాలి. తెరిచిన వెంటనే చెయ్యి పెట్టి చూడండి. జెల్ ప్యాకులు కరిగి గోరువెచ్చగా ఉంటే తీసుకోవద్దు. డెలివరీ అబ్బాయి ముందే వీడియో తీసి వెనక్కి పంపండి. పెట్టె సీలు చూడండి, పెట్టె మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ లోపలి పెన్ను మీదివాటితో కలుస్తున్నాయో లేదో చూడండి. ఎడమవైపు నిలువుగా ఎర్ర గీత, ఆర్‌ఎక్స్ గుర్తు, రూపాయల్లో ఎంఆర్‌పీ ఉండాలి. మందు నీళ్లలా తేటగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, నలుసులు కనిపించినా వేసుకోవద్దు.

బిల్లులో ఫార్మసీ పేరు, లైసెన్సు, బ్యాచ్, గడువు, చీటీ రాసిన డాక్టర్ పేరు లేకపోతే అది బిల్లు కాదు, ఉత్త కాగితం.

జొన్నరొట్టె

ఎంఆర్‌పీ రూపాయల్లో లేకపోతే?

మందులచీటి_వరంగల్

అయితే అది ఈ దేశంలో అమ్మడానికి వచ్చిన సరుకు కాదు. వేరే దేశానికి వెళ్లాల్సింది ఏ దారిన ఇటొచ్చిందో, మధ్యలో ఎన్ని రోజులు ఎండలో ఉందో ఎవరికీ తెలియదు. అసలు అది మందేనో కాదో కూడా.

గచ్చిబౌలి_గిరి

నేను ఆన్‌లైన్‌లోనే వాడుతున్నాను. పేరు చెప్పను, ప్రచారం అనుకుంటారు. ఎందుకు నమ్మానో చెబుతాను.

ఫారం నింపాక వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న బరువు గురించి కాదు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, వస్తే ఏ రకం అని. తర్వాత ప్యాంక్రియాస్ వాపు ఎప్పుడైనా వచ్చిందా, గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయా, షుగర్‌కు ఏం వాడుతున్నారు అని. నేను షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడుతున్నానని చెబితే డాక్టర్ వీడియోలో ఆగిపోయారు. "మీ షుగర్ డాక్టరుతో మాట్లాడి ఆ మాత్ర డోసు తేల్చేదాకా ఇది మొదలుపెట్టను. రెండూ కలిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు" అన్నారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్షల రిపోర్టులు అప్‌లోడ్ చేశాక రెండో కాల్‌లో రాశారు. ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉన్నాయి. మెడికల్ కౌన్సిల్ సైటులో వెతికితే ఆ పేరు దొరికింది.

నాకు నమ్మకం కుదిరింది ఇంకో విషయం వల్ల. ఆ చీటీతో మందు మీకు నచ్చిన షాపులో కొనుక్కోండి, మా దగ్గరే కొనాలని లేదు అన్నారు. నేను మా వీధి చివర షాపులోనే కొంటున్నాను.

తెనాలి_తులసి

ఈ చివరి మాట బంగారం. చీటీ వేరు, సరుకు వేరు. రెండూ కట్టగట్టి, చీటీ కాపీ కూడా చేతికివ్వని వాళ్లు ఉన్నారు.

నెల్లూరు_నాగమణి

మా మరిదికి అదే జరిగింది. ఒక యాప్‌లో మూడు నెలల ప్యాకేజీ కట్టాడు. డాక్టరుతో మాట్లాడింది మొదటిసారే. ఆ తర్వాత చాట్‌లో ఎవరో మెసేజ్ పెడతారు, డాక్టరో కస్టమర్ కేర్ పిల్లో తెలియదు. రెండో నెల తనంతట తానే పెద్ద డోసు వచ్చేసింది. మొదటి డోసుకే వాంతులతో అల్లాడుతున్నాడు, ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. ఆపేస్తానంటే డబ్బు వెనక్కి రాదన్నారు. ప్రిస్క్రిప్షన్ అడిగితే "అది మా సిస్టమ్‌లో ఉంటుంది" అన్నారు. రాత్రి పదకొండుకు వాంతులు ఆగక ఇక్కడ ఆసుపత్రికి తీసుకెళ్తే, డ్యూటీ డాక్టర్ "ఏం మందు, ఎంత డోసు?" అని అడిగారు. చూపించడానికి మా దగ్గర ఖాళీ పెన్ను తప్ప ఏమీ లేదు.

ఆ రాత్రి మా చెల్లెలి ముఖం ఇప్పటికీ కళ్లముందు ఉంది. పద్మ గారూ, ఎవరి దగ్గర తీసుకున్నా కాగితం మీ చేతిలో ఉండేలా చూసుకోండి.

గచ్చిబౌలి_గిరి

నాగమణి గారూ, నెలనెలా డబ్బు వాటంతటవే కట్ అవుతున్నాయా? యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది. అందులోకి వెళ్లి ఆ మ్యాండేట్ మీరే రద్దు చేయొచ్చు, వాళ్ల అనుమతి అక్కర్లేదు.

నెల్లూరు_నాగమణి

తెలియదు గిరి గారూ. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.

గుంటూరు_డాక్టరమ్మ

జనరల్ మెడిసిన్ చేశాను, ఈ మందులు రాస్తుంటాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం, చీటీ లేకుండా అమ్మే మామూలు మందులు తప్ప మిగతావి మొదటిసారి రాయాలంటే డాక్టర్ మిమ్మల్ని వీడియోలో చూడాలి. ఫారం నింపితే చీటీ పుట్టడం, చాట్‌లో రెండు మాటలతో చీటీ రావడం ఆ నిబంధనలకు విరుద్ధం. కంప్యూటర్ ప్రోగ్రాం మందు రాయకూడదని అందులో స్పష్టంగా ఉంది. చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ప్రకటనలతో, తాయిలాలతో డాక్టర్లు రోగులను ఆకర్షించకూడదని కూడా ఉంది. ఆ 40 శాతం తగ్గింపును ఈ కంటితో చూడండి.

ఈ మందు ఎవరికి? బీఎంఐ 30 పైన ఉన్నవాళ్లకు, లేదా 27 దాటి బీపీ, షుగర్, నిద్రలో శ్వాస ఆగడం లాంటివి ఉన్నవాళ్లకు. పద్మ గారికి 34, పైగా బీపీ. మందు అడగడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పెళ్లి ఫొటోల కోసం ఐదు కిలోలు తగ్గాలని వచ్చేవాళ్లకు నేను రాయను. ఆన్‌లైన్‌వాళ్లూ రాయకూడదు. ఎవరికి పడితే వాళ్లకు రాసేవాడు మీకు కూడా సరిగ్గా చూసి రాయడు.

మెడల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ తనకు గానీ కుటుంబంలో గానీ ఉంటే ఈ మందు ఇవ్వకూడదు. గర్భిణులు వాడకూడదు. ఈ ఇంజెక్షన్లలో ఎక్కువగా వాడేవి రెండు మందులు, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. సెమాగ్లుటైడ్ అయితే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయకపోవచ్చు, కాబట్టి నాలుగు వారాలు వేరే పద్ధతి కూడా వాడాలి. ఈ సంగతి ఆడవాళ్లకు చెప్పని ఆన్‌లైన్ డాక్టర్ ఉంటే ఆ ఒక్కటి చాలు, వదిలేయడానికి.

డోసు మెల్లగా పెరగాలి. టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాములతో మొదలై నాలుగు వారాల తర్వాత 5కు వెళ్తుంది. సెమాగ్లుటైడ్ బరువు తగ్గడానికైతే 0.25, తర్వాత 0.5, 1, 1.7, 2.4. ప్రతి మెట్టు దగ్గరా డాక్టర్ మిమ్మల్ని అడగాలి: వికారం ఉందా, విరేచనం అవుతోందా, నీళ్లు తాగగలుగుతున్నారా? బాగా ఇబ్బందిగా ఉంటే అదే మెట్టు మీద ఇంకో నెల ఆగాలి. నాగమణి గారి మరిదికి జరగనిది ఇదే.

శీను గారన్నది కొట్టిపారేయను. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లను గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు ఏడాదిలో తిరిగొచ్చింది. అందుకే మొదటి రోజే "ఎంతకాలం వాడాలి, ఆపేటప్పుడు ఎలా?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పని సంస్థకు మీ ఆరోగ్యంతో పనిలేదు, వచ్చే నెల ఆర్డరుతోనే పని.

సైకిల్_శీను

డాక్టరమ్మా, నేను చెప్పిందాంట్లో సగమైనా ఒప్పుకున్నందుకు థాంక్స్. పద్మ గారూ, తులసి గారూ, మెట్ల సంగతి నేను సరిగ్గా చదవలేదు.

డల్లాస్_బాబాయ్

ఇక్కడ అమెరికాలో జరిగింది చెబితే అక్కడివాళ్లకు ముందుచూపు ఉంటుంది.

మందులకు కొరత వచ్చినప్పుడు ఇక్కడ కాంపౌండింగ్ ఫార్మసీలు, అంటే మందును తామే కలిపి తయారుచేసే చోట్లు, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ చేసి తక్కువ ధరకు అమ్మాయి. ఆన్‌లైన్ క్లినిక్‌లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. టిర్జెపటైడ్ కొరత తీరిందని ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో, సెమాగ్లుటైడ్ కొరత తీరిందని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ తర్వాత కొరత పేరు చెప్పి నకలు చేసే దారి మూసుకుపోయింది. అయినా అమ్మేవాళ్లు ఏదో ఒక వంకతో అమ్ముతూనే ఉన్నారు. కాంపౌండ్ చేసిన మందును ఎఫ్‌డీఏ పరీక్షించి ఆమోదించదు, ఇది చాలామందికి తెలియదు.

2024 జులైలో ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. సీసా, సిరంజి పంపి మీరే తీసుకోండి అన్నప్పుడు జనం మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, యూనిట్ల మధ్య తికమకపడి, వేసుకోవాల్సిన దానికి ఐదు నుంచి ఇరవై రెట్లు వేసుకున్న సందర్భాలున్నాయని. ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. దానికి ముందు 2023 డిసెంబరులో మామూలు సరఫరాలోనే నకిలీ ఓజెంపిక్ (సెమాగ్లుటైడ్ బ్రాండు) పెన్నులు పట్టుబడ్డాయి. వాటితో వచ్చిన సూదులూ నకిలీవే.

ఇక్కడ ఉండే మనవాళ్లకు: రాష్ట్ర ఫార్మసీ బోర్డు సైటులో ఫార్మసీ లైసెన్సు చూసుకోండి, డాక్టరుకు మీ రాష్ట్రంలో లైసెన్సు ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు కంపెనీలే నేరుగా, ఇన్సూరెన్స్ లేకపోయినా నగదు ధరకు అమ్ముతున్నాయి, టిర్జెపటైడ్ చేసే లిల్లీవాళ్లు 2024 ఆగస్టు నుంచి, సెమాగ్లుటైడ్ చేసే నోవోవాళ్లు 2025 మార్చి నుంచి. ముందు అక్కడ ధర చూశాకే ఇంకెక్కడికైనా వెళ్లండి.

తెనాలి_తులసి

బాబాయ్, మా ఆడపడుచు అక్కడి నుంచి వచ్చేటప్పుడు తెస్తానంటోంది. తెప్పించుకోవచ్చా?

డల్లాస్_బాబాయ్

వద్దమ్మా. లగేజీలో వేస్తే విమానం అడుగున గడ్డకట్టొచ్చు, గడ్డకడితే మందు పోయినట్టే. పైగా ఆవిడ పేరు మీద రాసింది నువ్వు వాడకూడదు. ఈమధ్య గాలి ఇటు నుంచి అటు మళ్లింది, ఇక్కడివాళ్లే ఇండియా నుంచి తెమ్మంటున్నారు.

జొన్నరొట్టె

అంటే ఆవకాయ జాడీ పక్కన జెల్ ప్యాకులు పెట్టాలా! మా అమ్మ ఒప్పుకోదు, జాడీకి చోటు తగ్గుతుంది.

బర్మింగ్‌హామ్_బుజ్జి

యూకేలో ఈ సమస్య ముదిరాకే నిబంధన మార్చారు. 2025 ఫిబ్రవరిలో ఫార్మసీ కౌన్సిల్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆన్‌లైన్ ఫార్మసీ మనం ఫారంలో రాసిన బరువును నమ్మి ఈ మందు ఇవ్వకూడదు. వీడియో కాల్‌లోనో, మనిషిని నేరుగా చూసో, జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ రికార్డులు చూసో తామే నిర్ధారించుకోవాలి. మా స్నేహితురాలిని కెమెరా ముందు తూకం ఎక్కమన్నారు. ఆమెకు కోపం వచ్చింది, నాకైతే ఆ ఫార్మసీ మీద గౌరవం పెరిగింది.

ఎందుకంటే 2025 అక్టోబరులో నార్తాంప్టన్‌లో అధికారులు ఒక గోదాంపై దాడి చేసి, దొంగచాటుగా బరువు తగ్గే ఇంజెక్షన్లు తయారుచేస్తున్న ఫ్యాక్టరీనే పట్టుకున్నారు. అప్పటికి ఎక్కడా ఆమోదం రాని రెటాట్రుటైడ్ అనే మందు పేరుతో పెన్నులు నింపుతున్నారు. చూడ్డానికి అచ్చం అసలువాటిలాగే ప్యాకింగ్.

మందులచీటి_వరంగల్

ఆ రెటాట్రుటైడ్ పేరు ఇక్కడి జిమ్‌లలోనూ వినిపిస్తోంది బుజ్జి గారూ. తెల్లటి పొడి ఉన్న చిన్న సీసా, పైన "రీసెర్చ్ కోసం మాత్రమే" అని లేబుల్. నీళ్లు కలిపి పొడుచుకోమంటారు. ఒక కుర్రాడు ఆ సీసా తెచ్చి ఇన్సులిన్ సిరంజి ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. కూర్చోబెట్టి అరగంట మాట్లాడాను.

ఇంకొకటి చూస్తున్నాను. పెద్ద డోసు వయల్ కొని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం. మౌంజారో (టిర్జెపటైడ్ బ్రాండు) వయల్ ఒకరికి, ఒక్కసారికి. అందులో ప్రిజర్వేటివ్ ఉండదు, సూది ఒకసారి గుచ్చాక మిగిలింది దాచుకోకూడదు. పెన్నులో నాలుగు డోసులుంటాయి కదా అని అన్నదమ్ములు పంచుకుంటే, సూది మార్చినా సరే, ఒకరి రక్తం ఇంకొకరికి చేరే ప్రమాదం ఉంది. "ఫ్యామిలీ ప్యాక్" అని అమ్మే సైటు కనిపిస్తే ఫిర్యాదు చేయండి.

కొత్తగూడెం_కిరణ్

అన్నా, మీరంతా ఇంత చెబుతున్నారు గానీ ధర సంగతి ఎవరూ మాట్లాడరు. మాకు జీతం ఎంత, మందు ఎంత? చవక అని వాట్సాప్ వాడి దగ్గరికి పోయేది సరదాకు కాదు కదా.

మందులచీటి_వరంగల్

న్యాయమైన మాట తమ్ముడూ. 2025 మార్చిలో మౌంజారో వచ్చినప్పుడు 2.5 ఎంజీ వయల్ 3,500, అంటే నెలకు 14,000. అదే ఏడాది జూన్‌లో వెగోవీ (ఇది సెమాగ్లుటైడ్) మొదటి డోసు నెలకు 17,345తో వచ్చింది, నవంబరులో 10,850కి దించారు. డిసెంబరులో ఓజెంపిక్ వచ్చింది. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరాక మన దేశీ కంపెనీలే ఆ మందు తెచ్చాయి, ధరలు ఇంకా బాగా తగ్గాయి. కాబట్టి ఇప్పుడు చవకగా కావాలంటే దొంగ సరుకు కొనాల్సిన అవసరమే లేదు. డాక్టరును "దేశీ బ్రాండ్ రాయండి" అని అడుగు. నీ ఊరి షాపులో బిల్లుతో కొను. టిర్జెపటైడ్ మాత్రం వేరే మందు, దాని పేటెంట్ ఇంకా ఉంది. దానికి "సగం ధరకు జెనరిక్" అని ఎవరైనా అంటే దగ్గరికి పోవద్దు.

కొత్తగూడెం_కిరణ్

ఇది నాకు తెలియదు. రెండూ ఒకటే అనుకున్నాను. థాంక్స్ అన్నా.

గుంటూరు_డాక్టరమ్మ

కిరణ్ ప్రశ్న వల్ల ఒకటి గుర్తొచ్చింది. బ్రాండ్ మారితే పెన్ను వాడే పద్ధతి మారొచ్చు. కొన్ని వయల్స్, కొన్ని పెన్నులు. మారిన ప్రతిసారీ ఫార్మసిస్టుతో ఒకసారి చూపించుకోండి. డల్లాస్ బాబాయ్ గారు చెప్పిన తికమక ఇక్కడా జరగొచ్చు.

విజయనగరం_వెంకట్

నాకు డాక్టరమ్మతో ఒక పేచీ ఉంది. ఎన్ని నిబంధనలు చెప్పినా, ఈ మందుకు ఆన్‌లైన్ పనికిరాదు. కడుపునొప్పి వస్తే అది మామూలు గ్యాసో ప్యాంక్రియాస్ వాపో పొట్ట మీద చెయ్యి వేసి చూడకుండా ఎవరు చెబుతారు? మా అత్తగారికి వచ్చిన నొప్పిని ఫోన్‌లో గ్యాస్ అన్నారు. స్కాన్‌లో గాల్‌బ్లాడర్ రాళ్లని తేలింది. పద్మ గారూ, విశాఖ వెళ్లండి. సెలవు పోతే పోయింది.

గచ్చిబౌలి_గిరి

వెంకట్ గారూ, విశాఖ డాక్టర్ కూడా మూడు నెలలకొకసారే చూస్తారు. మధ్యలో ఫోన్ ఎత్తరు. ఆన్‌లైన్‌లో నాకు అర్ధరాత్రి నర్సు దొరికింది.

విజయనగరం_వెంకట్

నర్సు దొరికి ఏం చేసింది?

గచ్చిబౌలి_గిరి

నొప్పి వీపులోకి పాకుతోందా, వాంతులు ఆగకుండా అవుతున్నాయా అని అడిగి, అవునంటే వెంటనే దగ్గరి ఆసుపత్రికి వెళ్లమంది. నాకు అలా లేదు. ఉంటే వెళ్లేవాడినే.

గుంటూరు_డాక్టరమ్మ

వెంకట్ గారి మాటలో పస ఉంది. చెయ్యి వేసి చూసే డాక్టర్ ఒకరు మీ ఊళ్లో ఉండాలి. పద్మ గారికి ఉన్నారు, ఆ ఫిజీషియన్ గారే. మొదటిసారి విశాఖలో నేరుగా చూపించుకుని, తర్వాత అదే స్పెషలిస్టుతో వీడియోలో మాట్లాడుతూ, ఏదైనా తేడా వస్తే ఊళ్లో ఫిజీషియన్ దగ్గరికి వెళ్లడం. నాకైతే ఇది మంచి దారి. చాలామంది స్పెషలిస్టులు ఇప్పుడు పాత రోగులకు వీడియో కన్సల్టేషన్ ఇస్తున్నారు. అప్పుడు మధ్యలో ఈ కంపెనీ ఏదీ అక్కర్లేదు.

పార్వతీపురం_పద్మ

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇన్ని విషయాలు ఒకచోట ఎవరూ చెప్పలేదు.

మందులచీటి గారు చెప్పిన ప్రశ్నతోనే రెండు చోట్లా ఫోన్ చేశాను. మొదటివాళ్లు లైసెన్స్ నంబరు అడగ్గానే "ముందు బుక్ చేయండి మేడమ్, డిస్పాచ్ అయ్యాక తెలుస్తుంది" అన్నారు. రాత్రి వాంతులైతే ఎవరికి ఫోన్ చేయాలంటే చాట్ సపోర్ట్ ఉందన్నారు. రెండోవాళ్లు ఫార్మసీ పేరు, ఊరు, నంబరు మెయిల్ పెట్టారు. డాక్టర్ పేరు కూడా. అది కౌన్సిల్ సైటులో దొరికింది. చీటీ చేతికిస్తారా అంటే ఇస్తామన్నారు. ఆ అమ్మాయి నా బీపీ మాత్ర పేరు అడిగి రాసుకుంది.

అయినా డాక్టరమ్మ గారు చెప్పిన దారే నాకు ధైర్యంగా ఉంది. రెండో శనివారం విశాఖలో ఒక ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను, ఆవిడ వీడియో కన్సల్టేషన్ ఇస్తారట. రెండోవాళ్ల నంబరు దాచుకున్నాను, ఎప్పుడైనా ఆవిడ దొరక్కపోతే పనికొస్తుంది. మా నాన్నగారి అక్కకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. అది ఏ రకమో కనుక్కోవడానికి పాత కాగితాలు వెతికిస్తున్నాను.

గుంటూరు_డాక్టరమ్మ

ఆ కాగితాలు తప్పకుండా దొరకాలి పద్మ గారూ. బయాప్సీ రిపోర్టు ఉంటే అదే తీసుకెళ్లండి. దొరక్కపోతే దొరకలేదని ఆవిడకు చెప్పండి, కాల్సిటోనిన్ అనే రక్త పరీక్ష అవసరమా అని ఆవిడే చూస్తారు.

తెనాలి_తులసి

ఆ మొదటి కంపెనీ ప్రకటన మీద ఫిర్యాదు చేయొచ్చా? ఇంకెంతమంది ఆ లింకులో కడతారో.

మందులచీటి_వరంగల్

చేయొచ్చు, చేయాలి కూడా. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో, మందు వేసి తగ్గిస్తామని ప్రకటనలు ఇవ్వకూడని జబ్బుల జాబితాలో ఊబకాయం కూడా ఉంది. తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ ఇలాంటి ప్రకటనల మీద కేసులు పెట్టింది. ఆంధ్రలోనూ డ్రగ్స్ కంట్రోల్ విభాగం ఉంది. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టమన్న లింకు, ఫోన్ నంబరు జత చేసి పంపండి. ఒక్కరు పంపితే కదలకపోవచ్చు, పదిమంది పంపాలి.

నెల్లూరు_నాగమణి

మేం పంపుతున్నాం. గిరి గారూ, ఆటోపే రద్దయింది. ఇంకో నెల డబ్బు పోయేదే.

పార్వతీపురం_పద్మ

ఒక చివరి సందేహం. మాకు వేసవిలో కరెంటు తరచూ పోతుంది. ఒక్కోసారి మధ్యాహ్నమంతా. ఫ్రిజ్‌లో పెన్ను పాడవుతుందా?

మందులచీటి_వరంగల్

తలుపు తీయకుండా ఉంచితే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. ఈ మందులు ఫ్రిజ్ బయట కొన్ని రోజులు ఉండగలవు, కానీ 30 డిగ్రీలు దాటకూడదు. ఎన్ని రోజులన్నది ఒక్కో బ్రాండుకు ఒక్కోలా ఉంటుంది, పెట్టెలోని కాగితం చూడండి. మే నెలలో మన ఇళ్లలో 30 దాటకుండా ఉండదు, కాబట్టి ఒక చిన్న థర్మామీటర్ కొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పెన్నును మధ్య అరలో పెట్టండి, తలుపులో వద్దు, ఫ్రీజర్‌కు ఆనించి అసలే వద్దు. ఒక్కసారి గడ్డకట్టిందంటే కరిగాక మామూలుగానే కనిపిస్తుంది, అయినా వాడకూడదు. మూడు నెలల సరుకు ఒకేసారి కొని పెట్టుకోకండి. నెలకు సరిపడా కొనండి.

పార్వతీపురం_పద్మ

సరేనండీ. థర్మామీటర్ రేపే తెస్తాను.